ఒళ్ళు నొప్పులంటారు గానీ, దిగులుగా ఉందనరు

తిరుపతిలో జనరల్ ఓపీ చూస్తుంటాను. బీపీ, షుగరు చూపించుకోను వచ్చినవాళ్ళను మనసు సంగతి అడిగితే "నాకేమన్నా పిచ్చా సార్?" అంటారు.

అపోహ: డిప్రెషన్ ఉంటే ముఖం చూస్తేనే తెలిసిపోతుంది.
వాస్తవం: తెలియదు. ఏడుస్తూ వచ్చేవాళ్ళు తక్కువ. "నిద్ర పట్టల్యా, ఒళ్ళంతా నొప్పులు, తినబుద్ధి కాల్యా, అంతా యాష్టగా ఉంది" అంటారు. గ్లూకోజ్ పెట్టమంటారు. అన్నీ నార్మల్ అని వచ్చిన రిపోర్టులు సంచిలోంచి తీస్తారు. షుగరు ఉన్నవాళ్ళలో డిప్రెషన్ మిగతావాళ్ళకంటే ఇంచుమించు రెట్టింపు. మాత్రలు సరిగా వేసుకోలేదని కసిరేముందు మా డాక్టర్లకు ఇది గుర్తుకు రావాలి.

అడగడానికి రెండు ప్రశ్నలు చాలు. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోయిందా? దిగులుగా, నిరాశగా ఉందా? ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. కలిపి 3 దాటినా, సరిగ్గా 3 వచ్చినా డిప్రెషన్‌ను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పట్టికలోని తొమ్మిది ప్రశ్నలూ అడుగుతాం.

అపోహ: మార్కులు ఎక్కువొస్తే జబ్బు ఖాయం.
వాస్తవం: ఆ తొమ్మిది ప్రశ్నలకు కలిపి 27కి 10 వచ్చిందంటే లోతుగా చూడాలని మాత్రమే. థైరాయిడ్, రక్తహీనత, తాగుడు అలవాటు చూడాలి. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారుతో తిరిగారా అనీ అడగాలి. అది బైపోలార్ (దిగులు, విపరీతమైన హుషారు మార్చి మార్చి వచ్చే జబ్బు) అయితే వైద్యమే వేరు.

అపోహ: చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.
వాస్తవం: అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఎవరి ముందు అడుగుతున్నామన్నదే చిక్కు. కోడలి పక్కన కూర్చుని జవాబులన్నీ అత్తే చెప్తుంటుంది. "అమ్మా, ఈ చీటీ మందుల షాపులో ఇచ్చి రాండి" అని ఆమెను పంపి, అప్పుడు చావు ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్న అడుగుతాను. దానికి అవునంటే మొత్తం మార్కులు ఎంత తక్కువున్నా ఆ రోజే తేల్చాలి, ఇంటికి పంపేసి ఊరుకోకూడదు. తిరుపతి పెద్దాసుపత్రి రుయాలో సైకియాట్రీ (మానసిక వైద్య) విభాగముంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు రాత్రయినా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

అపోహ: కొండకు పోయొస్తే సర్దుకుంటుంది.
వాస్తవం: దర్శనానికి నేను అడ్డు చెప్పను. మాత్ర వేసుకుని క్యూలో నిలబడమంటాను.

అపోహ: ఆ మాత్రలు అలవాటైపోతాయి.
వాస్తవం: అలవాటయ్యేవి కొన్ని రకాల నిద్రమాత్రలు. డిప్రెషన్ మందులు వేరు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.