రేవు రాగానే దిగాల్సిందేనా? క్రూయిజ్ ప్రయాణంపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో మాది చిన్న ట్రావెల్స్ ఆఫీసు. కాశీ, చార్‌ధామ్ బస్సులతో మొదలుపెట్టినం. ఇప్పుడు సింగపూర్ నుంచి బయల్దేరే ఓడలకు, అప్పుడప్పుడు యూరప్ ఓడలకు కూడా గ్రూపుల్ని తీసుకుపోతున్నం. మాతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది రిటైరైన టీచర్లు, సింగరేణిలో పనిచేసి దిగిపోయినవాళ్లు. ఓడెక్కిన మొదటి రాత్రి అన్నాల దగ్గర తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటే: "రేపు ఎన్నింటికి దిగాలె సారూ?"

దిగాలా వద్దా అని మాత్రం ఎవరూ అడగరు. ఇది యాత్రా బస్సు నేర్పిన అలవాటు. బస్సు ఆగిందంటే గుడి ఉన్నట్టు, గుడి ఉందంటే దర్శనం చేసుకోవాల్సిందే. ఓడ లెక్క వేరు. ఏ రేవులో దిగాలి, ఏ రేవులో ఓడ మీదే కాళ్లు చాపుకోవాలి అన్నది రేవు రేవుకూ విడిగా తేల్చుకోవాలి. మా వాళ్ల నోట పదేపదే విన్న మాటలనే ఇక్కడ తీసుకుంటున్నా.

అపోహ: ఓడ ఆగితే అందరూ దిగాల్సిందే.

ఎవరూ దింపరు. గది మీదే, భోజనం నడుస్తూనే ఉంటుంది. కొన్ని దేశాల్లో ఇమిగ్రేషన్ అధికారులు ప్రతి ఒక్కరినీ ఒకసారి పాస్‌పోర్టుతో ఎదుటికి రమ్మంటారు. అది కాగానే మళ్లీ గదికి పోయి పడుకోవచ్చు. తప్పక దిగాల్సింది ఆఖరి రోజే, సామానుతో.

అపోహ: కాగితంలో ఊరి పేరుంటే ఓడ ఆ ఊళ్లోనే ఆగుతుంది.

అన్ని తిప్పలకూ మూలం ఇదే. బ్రోచర్‌లో 'రోమ్' అని పెద్దగా రాస్తారు. ఓడ ఆగేది చివితావెక్కియాలో. అక్కడి నుంచి రోమ్‌కు డెబ్భై కిలోమీటర్ల పైమాటే, అంటే మన హనుమకొండ నుంచి కరీంనగర్ పోయినంత. 'ఫ్లోరెన్స్' అంటే ఓడ లివోర్నోలో ఆగుతుంది. దూరం ఇంకా ఎక్కువ. 'పారిస్' అని రాస్తే ఓడ ఆగే లె హావ్ర్ నుంచి రమారమి రెండు వందల కిలోమీటర్లు. 'బ్యాంకాక్' అంటే లేమ్ చబాంగ్. కాజీపేట నుంచి సికింద్రాబాద్ ఎంతో, ఆ రేవు నుంచి బ్యాంకాక్ ఇంచుమించు అంత. మన దేశంలోనూ ఇంతే. 'గోవా' అంటే మార్మగోవా రేవు, అది వాస్కో పక్కన ఉంది. బాగా, కలంగుట్ బీచ్‌లు పంజిమ్ దాటి అటు ఉత్తరాన ఉన్నాయి.

ఇక గంటల లెక్క. 'ఉదయం 8 నుంచి సాయంత్రం 6' అని ఉంటే మనవాళ్లు పది గంటలు చేతికొచ్చినట్టే అనుకుంటారు. ఓడ కట్టేసి, అధికారులు అనుమతిచ్చి, మీరు వరుసలో నిలబడి బయటపడేసరికి తొమ్మిదవుతుంది. ఆరింటికి ఓడ కదులుతుందంటే ఐదున్నరకు, కొన్నిచోట్ల ఐదింటికే లోపల ఉండమంటారు. మిగిలింది ఎనిమిది గంటలు. మలేషియా రేవు పోర్ట్ క్లాంగ్‌లో దిగి కౌలాలంపూర్ పోవాలంటే ట్రాఫిక్‌ను బట్టి పోను గంట నుంచి గంటన్నర, రాను అంతే. తిరుగు ప్రయాణంలో ఏదైనా అడ్డం పడుతుందేమోనని ఇంకో గంటన్నర పక్కన పెడతా. ఇది నా పిరికితనం అనుకున్నా సరే. చివరికి చేతిలో మిగిలేది మూడున్నర గంటలు. జంట టవర్ల ముందు ఫొటో దిగొచ్చు, లేదంటే బటు కేవ్స్ అనే గుహల గుడికి 272 మెట్లెక్కి మురుగన్‌ను చూడొచ్చు. రెండూ కావాలి, మధ్యలో షాపింగ్ కూడా కావాలి అంటే బస్సు కిటికీలోంచి చూడటమే.

దీనికి పూర్తి ఎదురు మలేషియాలోనే ఉన్న పెనాంగ్ ద్వీపం. ఓడ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ నేరుగా అక్కడి ముఖ్య పట్నం జార్జిటౌన్‌లోనే ఉంది. గేటు దాటి కొన్ని నిమిషాలు నడిస్తే కార్న్‌వాలిస్ కోట, ఇంకాస్త ముందుకు పోతే లిటిల్ ఇండియా, క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ గుడి. ఈ పాత పట్నానికి 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది, మన రామప్పకు 2021లో వచ్చినట్టు. టూరు అక్కర్లేదు, గైడు అక్కర్లేదు. అలిసిపోతే అరగంటలో మళ్లీ ఓడ మీద ఉండొచ్చు. మా గ్రూపులో తొంభై శాతం మందికి నేను చెప్పేది ఇదే: క్లాంగ్‌లో ఆలోచించుకోండి, పెనాంగ్‌లో తప్పక దిగండి. ఓడెక్కేముందు మ్యాప్‌లో ఊరి పేరు కాదు, రేవు పేరు వెతకండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అపోహ: దిగకపోతే కట్టిన పైసలు దండుగ.

టికెట్‌లో రేవు పన్నులు కలిసే ఉంటాయి. దిగినా దిగకపోయినా అవి పోయినట్టే. వాటికోసం దిగితే పోయిన పైసల మీద ఇంకిన్ని పోసినట్టు: టాక్సీకి, టికెట్లకు, మధ్యాహ్నం అన్నానికి. ఓడ మీద ఆ అన్నానికి ఎప్పుడో కట్టేసినం కదా. దిగొద్దని కాదు, దిగడానికి పైసలు కారణం కాకూడదని. గాలి, అలలు బాగా లేక కెప్టెనే రేవు వదిలేస్తే మాత్రం ఆ రేవు పన్ను సాధారణంగా వాపస్ ఇస్తారు. అంతకుమించి పరిహారం ఆశించొద్దు. రేవు వదిలేసే హక్కు వాళ్లకు టికెట్ షరతుల్లోనే రాసి ఉంటుంది.

అపోహ: ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది.

ఓడ తరఫున బుక్ చేసిన టూరు బస్సే ఆలస్యమైతే ఆగుతుంది. ఆగలేకపోతే తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్లు తీసుకుంటారు. మీరు సొంతంగా టాక్సీలో పోతే ఆగదు. పేర్లు పిలుస్తారు, కాసేపు చూస్తారు, కదులుతారు. అట్లా ఉండిపోయినవాళ్ల పాస్‌పోర్టులు మామూలుగా గదిలోంచి తీసి రేవులోని ఏజెంటుకు ఇచ్చిపోతారు. ఆ ఏజెంటు ఫోన్ నంబరు రోజూ గదికి వచ్చే కార్యక్రమాల కాగితంలో ఉంటుంది. దిగేముందు దాన్ని ఫొటో తీసుకోండి. తర్వాతి రేవు దాకా విమానం ఖర్చు పూర్తిగా మీదే.

నా సొంత అనుభవం ఒకటి చెప్తా. థాయిలాండ్‌లోని ఫుకెట్ సమయం సింగపూర్ కంటే గంట వెనక. మా ఓడ మాత్రం సింగపూర్ గడియారమే నడిపింది. గ్రూపులో నలుగురి ఫోన్లు ఒడ్డున అడుగుపెట్టగానే వాటంతట అవే గంట వెనక్కి పోయాయి. వాళ్లు పటాంగ్ బీచ్‌లో కొబ్బరి బోండాలు తాగుతూ "ఇంకా నాలుగే కదా" అని కూర్చున్నారు. ఓడ మీద అప్పటికి ఐదు. నేను ఒడ్డు నుంచి ఓడకు చేర్చే పడవల దగ్గర నిలబడి ఫోన్ మీద ఫోన్ చేస్తూనే ఉన్న. ఆఖరి పడవకు చెప్పులు చేతిలో పట్టుకొని ఉరికొచ్చారు. తప్పు నాదే, పొద్దున చెప్పి ఉండాల్సింది. అప్పటి నుంచి దిగే ప్రతి ఒక్కరికీ ఓ మామూలు చేతిగడియారం పెట్టుకోమని, దాన్ని ముట్టుకోవద్దని చెప్తున్నా.

అపోహ: ఓడ వాళ్ల టూర్లన్నీ దోపిడీ.

ఖరీదు ఎక్కువే, కాదనను. కానీ మీరు కొనేది టూరొక్కటే కాదు, ఓడ మిమ్మల్ని వదిలిపోదన్న ధీమా కూడా. రోమ్ లాంటి దూరపు ఊళ్లకు ఆ ధీమా కొనుక్కోవచ్చు. పెనాంగ్ లాంటి చోట దాన్ని కొనడం, భద్రకాళి గుడి మెట్ల మీద నిలబడి పక్కనే ఉన్న చెరువుకు ఆటో మాట్లాడుకున్నట్టు.

అపోహ: ఓడ దిగుడంటే మెట్లు దిగినట్టే.

రేవు గోడకు కట్టేసిన ఓడైతే సరే. లోతు చాలని చోట, లేదంటే పెద్ద ఓడకు తగ్గ రేవు గోడ లేని చోట ఓడ సముద్రంలోనే ఆగుతుంది. జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. వీటిని టెండర్లు అంటారు. ఫుకెట్‌లో పటాంగ్ దగ్గర, గ్రీసులో శాంతొరీనిలో, మన లక్షద్వీప్‌లో ఇదే పద్ధతి. అలల మీద ఊగుతున్న పడవలోకి అడుగు వేయాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది ఒక్క అడుగైనా పెద్ద అడుగే. చక్రాల కుర్చీ వాళ్లను చాలాసార్లు ఎక్కనివ్వరు. నంబరు ప్రకారం పంపిస్తారు, ఓడ టూరు తీసుకున్నవాళ్లు ముందు పోతారు, మిగతావాళ్లకు గంట కూడా పట్టొచ్చు. శాంతొరీనిలో ఒడ్డు చేరాక కూడా ఊరు కొండ మీదే ఉంటుంది. పైకి కేబుల్ కారు, లేదంటే ఆరు వందలకు దగ్గర మెట్లు. సాయంత్రం దిగేటప్పుడు కేబుల్ కారు దగ్గర క్యూ చూస్తే మేడారం జాతర యాదికొస్తది.

బుక్ చేసేటప్పుడే ఏ రేవు టెండరో అడగండి. నడవలేని పెద్దలుంటే ఆ రేవు వాళ్ల లెక్కలోంచి తీసేయండి.

అపోహ: ఓడ మీద ఒక్కళ్లమే ఉంటే ఏం తోస్తది?

రేవులో ఉన్నంతసేపు కాసినో, పన్ను లేని దుకాణాలు మూసేస్తారు. అది నిజం. మిగతాదంతా మీదే. ఈత కొలను ఖాళీ, లిఫ్టు ఖాళీ, మసాజ్ చేసే స్పాలో చాలాసార్లు ఆ రోజు తగ్గింపు ధరలు. డెక్ మీద నుంచి రేవు పని చూస్తుంటే పొద్దు తెలియదు. ఇంధనం ఎక్కించడం, కూరగాయల పెట్టెలు, ఓడకు రేవులో దారి చూపే మనిషిని తెచ్చే పైలట్ పడవ. భూపాలపల్లి గనుల్లో క్రేన్లతో బతుకంతా గడిపిన ఒకాయన మా గ్రూపులో ఉండేవారు. పోర్ట్ క్లాంగ్‌లో దిగకుండా కంటైనర్ క్రేన్లు చూస్తూ కూర్చున్నారు. ఆయన భార్య మాత్రం మిగతా ఆడవాళ్లతో కలిసి కౌలాలంపూర్ పోయొచ్చింది. "కలిసొచ్చి విడివిడిగా తిరుగుడేంది" అని గ్రూపులో ఒకరిద్దరు గొణిగారు. రాత్రి అన్నాల దగ్గర మాత్రం చెప్పుకోవడానికి ఆ ఇద్దరి దగ్గరే ఎక్కువ మాటలున్నయి.

అపోహ: దిగనోళ్లకు ఆ దేశం వీసా అక్కర్లేదు.

దీంతో జాగ్రత్త. ఓడ పోయే ప్రతి దేశానికీ కావాల్సిన కాగితాలు లేకపోతే కంపెనీ మొదటి రేవులోనే మిమ్మల్ని ఎక్కనివ్వకపోవచ్చు. మీరు దిగుతారా లేదా అన్నది వాళ్లకు అనవసరం. సింగపూర్‌లో ఎక్కి మలేషియా చూసి మళ్లీ సింగపూర్‌లో దిగుతున్నారంటే సింగపూర్‌లోకి రెండుసార్లు ప్రవేశించినట్టు, కాబట్టి వీసా ఒక్క ప్రవేశానికే ఇచ్చారేమో చూసుకోండి. యూరప్ ఓడ మధ్యలో టర్కీకి పోయొస్తే యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకూ అదే లెక్క.

చివరిగా తిండి. ఇంట్లో వండింది ఓడలోకి తేనివ్వరు. ఓడ మీది పండ్లు, మాంసం ఒడ్డుకు తీసుకుపోతే రేవులో జరిమానా పడొచ్చు. సీలు వేసిన బిస్కెట్ ప్యాకెట్ సంచిలో పెట్టుకోండి చాలు. పులిహోర ఉంటే శంషాబాద్‌లోనే తినేయండి.