దెబ్బ మానుతోందా, చీము పడుతోందా?

పిల్లలూ,

దెబ్బ తగిలితే తిడతారేమోనని ప్యాంటు కిందకి లాక్కుని దాచేసే పిల్లలు చాలామంది ఉంటారు, మీలోనూ ఉండే ఉంటారు, ముఖ్యంగా వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా.

మొదటి రెండు మూడు రోజులు గాయం చుట్టూ కాస్త ఎర్రబడటం, వాపు, వేడి, నొప్పి ఉంటాయి, దానికి కంగారు పడక్కర్లేదు, అటువైపు రక్తం ఎక్కువ పోయి తెల్ల రక్తకణాలు పని మొదలుపెట్టాయన్నమాట. సుమారు 2000 ఏళ్ళ కిందటే రోమ్ లో సెల్సస్ అనే ఆయన సరిగ్గా ఈ నాలుగు గుర్తుల్నే రాసిపెట్టాడు. మరి ఇన్ఫెక్షన్ వచ్చినా ఇవే కదా ఉండేది, తేడా ఎలా తెలుస్తుంది అంటారా, కిటుకంతా ఇక్కడే ఉంది. మానే గాయం రోజురోజుకీ తగ్గుముఖం పడుతుంది, ఇన్ఫెక్షన్ పట్టింది మాత్రం నిన్నటికంటే ఇవాళ ఎక్కువవుతుంది. తగ్గుతూ వచ్చిన నొప్పి మూడో రోజో నాలుగో రోజో మళ్ళీ మొదలై సలుపుతుంటే వెంటనే ఇంట్లో చెప్పేయండి.

కంటికి అంచనా దొరకదు కాబట్టి ఒక పని చేయండి. ఎరుపు ఎక్కడిదాకా ఉందో ఆ అంచు వెంబడే చర్మం మీద పెన్నుతో గీత గీసి పక్కనే టైం రాయండి, కొన్ని గంటలయ్యాక ఎరుపు గీత దాటిందంటే పాకుతున్నట్టే. మన ఒంటి రంగుకి ఎరుపు సరిగ్గా కనబడకపోవచ్చు, నల్లగానో ఊదాగానో కమిలినట్టుంటుంది, అప్పుడు చేతివేళ్ళ వెనకవైపు ఆనించి చూడండి, రెండో కాలితో పోలిస్తే వేడి తేడా తెలిసిపోతుంది.

పల్చగా నీళ్ళలా ఊరే రసి మామూలే. చిక్కగా పసుపుగానో పచ్చగానో వస్తే, వాసనేస్తే అది చీము, అంటే చచ్చిపోయిన తెల్లకణాలు, బ్యాక్టీరియా, పాడైన కండ అన్నీ కలిసినది. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఊరికే ఉంటుంది, ఏ హానీ చేయదు, చర్మం తెగినచోట లోపలికి దూరితేనే గొడవ, అందుకే పక్కు గిల్లొద్దని పెద్దవాళ్ళు అంతలా చెప్పేది.

గాయం నుంచి పైకి ఎర్రటి చార పాకినా, గజ్జల్లోనో చంకలోనో బిళ్ళ కట్టినా, 100.4 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, అప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. వణుకు, ఆయాసం, మాట తడబడటం కూడా ఉంటే అది ఎమర్జెన్సీ.

దెబ్బ తగలగానే చేయాల్సింది మాత్రం చాలా సింపుల్, చేతులు కడుక్కుని, గాయాన్ని ధారగా పారే నీళ్ళ కింద మట్టి పోయేదాకా కడిగి, చుట్టూ సబ్బు రాసి, శుభ్రమైన కట్టు కట్టడమే. పొడులూ పేస్టులూ అద్దొద్దు. కుక్క కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, చిన్న గాటే కదా అనుకోకుండా రేబిస్ టీకా కోసం అదే రోజు పరిగెత్తాలి.

మేకు గుచ్చుకున్న గాయం సంగతి వేరు. పైకి చిన్న చుక్కే, లోపల లోతు, గాలి ఆడదు, టెటనస్ క్రిమికి అలాంటి చోటే కావాలి. అది తుప్పులోంచి పుట్టదు, మట్టిలో, పేడలో ఉంటుంది, ఎరుపూ చీమూ ఏమీ లేకుండానే దవడలు బిగుసుకునేదాకా తీసుకెళ్తుంది. గాయం చూడ్డానికి బాగానే ఉంది కదా అని ఊరుకుంటే లాభం లేదు, ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోవాలి.

డాక్టర్ కి దెబ్బ దేనివల్ల తగిలిందో, ఎప్పుడు తగిలిందో, ఏ మందు పడదో దాచకుండా చెప్పండి. యాంటీబయాటిక్ ఇస్తే చెప్పినన్ని రోజులు వేసుకోండి, రెండు రోజులు వాడాక కూడా ఎరుపు గీత దాటి పెరుగుతుంటే మందు పనిచేస్తుందిలే అని కూర్చోకుండా మళ్ళీ వెళ్ళి చూపించండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ