108 బండిలో కాన్పు: అపోహలు - వాస్తవాలు

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో కొన్నేళ్లు 108లో ఈఎంటీగా, అంటే బండిలో అత్యవసర చికిత్స చేసే మనిషిగా తిరిగి, ఇప్పుడు కొత్తవాళ్లకు గర్భిణుల, పసిపిల్లల అత్యవసర చికిత్స నేర్పుతున్నాను. తరగతిలో వినబడే అపోహలు ఊళ్లో వినబడేవే. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన అవి పోవు.

అపోహ: ఆంబులెన్సు పని ఆసుపత్రికి వేగంగా చేర్చడమే.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైనప్పటి నుంచి ఆ సైరన్ మోతను వేగంతోనే కొలుస్తున్నాం. తొలి ఏడాది నాదీ అదే నమ్మకం. చందంపేట వైపు ఒక తండా నుంచి మూడో కాన్పు మనిషిని దేవరకొండకు తెస్తున్నాం. "దొడ్డికి వచ్చినట్టుంది అక్కా" అని ఆమె రెండుసార్లు అంది. నేను వినిపించుకోలేదు, "ఇంకొంచెం తొక్కు అన్నా" అంటూ పైలట్‌ను, అంటే బండి డ్రైవరును, తరిమాను. స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరిన క్షణంలోనే బిడ్డ తల బయటికొచ్చింది. అప్పుడు నా ఒక చేయి పైకడ్డీని పట్టుకుని ఉంది. బిడ్డ బాగానే ఉంది, తల్లికి మాత్రం కుట్లు ఎక్కువ పడ్డాయి. తప్పు నాదే.

ఇప్పుడు ప్రతి బ్యాచ్‌లోనూ ఆమె అన్న మాటను బోర్డు మీద రాయిస్తాను. ఒకటి రెండు కాన్పులైన మనిషి ఆ మాట అంటే బిడ్డ తల కిందికి దిగిందనే అనుకోవాలి. నొప్పి వచ్చినప్పుడు తల కనబడుతుంటే బండి పక్కకు ఆపించి, లైట్లు వేసి, కాన్పు కిట్ విప్పాలి. తల ఒక్కసారిగా దూసుకురాకుండా అరచేయి ఆనించాలి, లాగకూడదు.

బిడ్డ కంటే ముందు బొడ్డుతాడు జారితే మాత్రం ఆగకూడదు. తల్లిని మోకాళ్ల మీద ముందుకు వంచి, తాడు నలగకుండా బిడ్డ తలను లోపలి నుంచి వేళ్లతో పైకి ఒత్తిపట్టాలి. ఆపరేషన్ బల్ల దాకా ఆ చేయి తీయకూడదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో నేర్పడానికే నాకు తరగతిలో సగం రోజు పడుతుంది.

అపోహ: బిడ్డ ఏడవకపోతే కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి కొట్టాలి.

బొమ్మను చేతికిచ్చి "ఏడవడం లేదు, ఏం చేస్తావు?" అని అడిగితే చాలు, బ్యాచ్‌లో ఒకరైనా దాన్ని తలకిందులు చేస్తారు. బండిలో అయితే పక్కనున్న అత్తగారు "కొట్టు బిడ్డా, కొట్టు" అంటూనే ఉంటుంది. ఆ ఒత్తిడిలో చేయి దానంతటదే లేస్తుంది. ఆ కొట్టుడు బిడ్డకు గాయమే తప్ప ఊపిరి కాదు.

నెలలు నిండి పుట్టిన 100 మందిలో సుమారు 85 మంది తమంతట తామే ఊపిరి తీస్తారు. ఇంకో 10 మందికి పొడిబట్టతో ఒళ్లంతా తుడిచి, వీపు నిమిరితే సరిపోతుంది. మిగతా ఐదుగురికి అంబు బ్యాగు, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే మాస్కు సంచి కావాలి, అదీ మొదటి నిమిషంలోపే. అందరూ తప్పేది ఇక్కడే. పసివాడి తల వెనక భాగం పెద్దది, వెల్లకిలా పడుకోబెడితే మెడ ముందుకు వంగి గొంతు మూసుకుపోతుంది. భుజాల కింద రెండు వేళ్ల మందాన బట్ట మడిచిపెడితే మెడ తిన్నగా వస్తుంది. పెద్దవాళ్లకు చేసినట్టు తలను బాగా వెనక్కి వంచినా దారి మూతపడుతుంది. మాస్కు ముక్కునూ నోటినీ కప్పాలి, కళ్ల మీదికి పోకూడదు. నిమిషానికి 40 నుంచి 60 సార్లు, ఛాతీ లేచేంత మేరకే నొక్కాలి. ఛాతీ లేవకపోతే ఇంకా గట్టిగా నొక్కడం కాదు, ముందు మెడ, మాస్కు సరిచూసుకోవాలి.

తుడిచాక ఏడ్చిన బిడ్డను తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి కప్పాలి. స్నానం మాట ఆ రోజుకు ఎత్తవద్దు.

అపోహ: బొడ్డు వెంటనే కోసి, మాయను లాగేయాలి.

బిడ్డ బాగా ఊపిరి తీస్తుంటే కనీసం ఒక నిమిషం ఆగి కోయాలి, ఆ కాస్త రక్తం బిడ్డదే. తాడు పట్టుకుని బలంగా లాగితే గర్భసంచి తిరగబడి బయటికి రావచ్చు. కడుపులో రెండో బిడ్డ లేదని చూసుకుని ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇవ్వడం ముందు పని.

అపోహ: బీపీ బాగుంది కదా, రక్తం పోతే పోనీ.

తరగతిలో ఒక పాత నూలు చీర మీద అర లీటరు ఎర్రరంగు నీళ్లు పోసి ఎంతో చెప్పమంటాను. నూట యాభై, రెండొందల మిల్లీలీటర్లంటారు. చీర తాగేస్తుంది, కంటికి ఆనదు. కాన్పులో అర లీటరు దాటితే అది అధిక రక్తస్రావమే. నిండు నెలల్లో ఒంట్లో రక్తం మామూలు కంటే 40 నుంచి 50 శాతం ఎక్కువగా ఉంటుంది కాబట్టి లీటరు పోయినా బీపీ నిలకడగా కనిపించవచ్చు. ముందు పరుగెత్తేది నాడి. మన దగ్గర రక్తహీనత ఉన్న తల్లులు చాలామంది, వాళ్లకు ఆ దన్ను కూడా ఉండదు. బొడ్డు దగ్గర చేయి పెడితే గర్భసంచి బంతిలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే గట్టిపడేదాకా మర్దన చేయాలి.

అపోహ: గుర్రపువాతం (బీపీ పెరిగి గర్భిణికి, బాలింతకు వచ్చే ఫిట్స్) వస్తే చేతిలో తాళంచెవులు, నోట్లో చెంచా.

ఇనుముకు ఫిట్స్ ఆగవు. చెంచాకు పళ్లు విరుగుతాయి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, డాక్టరు సలహాతో మెగ్నీషియం సల్ఫేటు ఇవ్వాలి. మావాళ్లకు ఈ మందంటే భయం, ఊపిరి ఆగిపోతుందని. ఆ భయం పూర్తిగా అబద్ధం కాదు. అందుకే మోకాలి కుదుపు ఉందా, నిమిషానికి కనీసం 16 శ్వాసలున్నాయా చూస్తూ, దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ అందుబాటులో ఉంచుకుంటాం. భయపడి మందు మానేస్తే జరిగే నష్టమే పెద్దది. ఇంకో మాట, మన్ననూరు దాటి నల్లమల లోపలికి పోతే చాలాచోట్ల ఫోను పలకదు. డాక్టరును అడగాల్సింది మన్ననూరు అటవీ గేటు దగ్గరే ఫోనులో అడగాలి.

అపోహ: పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్లే.

పెద్దవాళ్లలో తరచుగా ముందు ఆగేది గుండె, పిల్లల్లో ఎక్కువగా ఊపిరి. అందుకే చికిత్స చేసేవాళ్లం ఇద్దరముంటే పిల్లలకు ఛాతీ మీద 15 నొక్కుళ్లకు 2 శ్వాసలు ఇస్తాం. అరిచే పిల్ల కంటే ఊరుకున్న పిల్లను ముందు చూడండి.

పాలమూరులో పల్లికాయ పీకే రోజుల్లో గింజ గొంతులో ఇరికిందనే పిలుపులు వస్తాయి. కనబడని గింజ కోసం వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. ఏడాది లోపు బిడ్డ దగ్గలేక, ఏడవలేక పోతుంటే ముంజేయి మీద తల కిందికి ఉండేలా బోర్లా వేసి వీపు మీద 5 దెబ్బలు, తిప్పి ఛాతీ మీద 5 నొక్కుళ్లు. ఇది నేర్పడానికి బొమ్మ గొంతులో నిజం పల్లిగింజే పెడతాను. ఒకసారి తీయడం మరిచాను. మర్నాడు పెట్టె తెరిస్తే బొమ్మ నోటి నిండా చీమలు.