కథ వెంట నడక: పిలకాయల్ని తోపుల్లో తిప్పడం మీద అపోహలు - వాస్తవాలు

నెల్లూరు చుట్టుపక్కల సరుగుడు తోపుల్లో, మామిడి తోటల్లో చిన్న పిలకాయల్ని అమ్మానాన్నలతో కలిపి కథ వెంట నడిపిస్తుంటాను. చెట్ల మధ్య బాట ఉంటుంది, బాట పక్కన ఒక్కో చోట కథలో ఒక్కో ముక్క ఉంటుంది, ముందుకి నడిస్తేనే తర్వాత ఏమైందో తెలిసేది. ఫోన్లు చేసి జనం ఎక్కువగా అడిగేవి ఇక్కడ రాస్తన్నా.

అపోహ: పెద్ద అడవి ఉండాలి, పెంచలకోనో భైరవకోనో పోవాలి.

అక్కర్లేదండీ, నాలుగేళ్ల పిల్లకి అరకిలోమీటరే ఎక్కువ, దానికే గంట పడుతుంది. పైగా పెంచలకోన చుట్టూ ఉండేది పెనుశిల నరసింహ అభయారణ్యం, అక్కడ మన ఇష్టమొచ్చినట్టు బోర్డులు పెడితే కుదరదు, అటవీశాఖ పర్మిషన్ కావాలి. రైతు తోపయితే ఆయన్ని అడిగితే సరిపోతుంది. కాకపోతే సరుగుడుని నాలుగైదేళ్లకి కొట్టేస్తారు కాబట్టి బోర్డులు విప్పి పట్టుకుపోయేటట్టు ఉండాలి, చెట్టుకి మేకు కొట్టొద్దు, తాడుతో కట్టండి చాలు. కింద రాలిన సరుగుడు ఆకు ఎండితే ఇట్టే అంటుకుంటుంది, అక్కడ బీడీ, అగరొత్తి ఏదీ వెలిగించనీయకండి.

అపోహ: పిలకాయలు నడవరు, రెండడుగులకే ఎత్తుకోమంటారు.

ఊరికే నడవమంటే నడవరు, నిజమే. అందుకే నేను మన ఏడు చేపల కథ పెడతాను. చేప, గడ్డి, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లోడు, చీమ, సరిగ్గా ఏడు మజిలీలు. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డి అడ్డమొచ్చింది, మరి గడ్డినెందుకు ఆవు మేయలేదు అని అడగాలంటే ఆవు దగ్గరికి పోవాల్సిందే, ఇంక వాళ్ల కాళ్లు ఆగవు. ప్రశ్న ఒక చోట, జవాబు ఇంకో చోట, కథానడకలో కిటుకంతా ఇదే. రాక్షసులూ రాకుమారులూ ఉండే లావు కథలు కూడా పెట్టి చూశా, బోర్డు కాడ నిలబెట్టి చదివించాల్సొచ్చింది, పిలకాయలు దిక్కులు చూశారు. బోర్డు కూడా పిల్ల కంటికి ఎదురుగా, పెద్దోళ్ల నడుం ఎత్తులో ఉండాలి. మైకు, స్పీకరు వద్దే వద్దు, పిట్ట కూత వినపడదు.

ఒక్క జాగ్రత్త. ఈ కథ చివర్లో పిల్లోడు పుట్టలో వేలు పెడతాడు కదా, పక్కనే నిజం పుట్ట కనపడితే మన పిలకాయలూ పెడతారు! పుట్టలు కట్టేది చెదలు, వాటిల్లో పాములు చేరతాయి. అందుకే చీమ మజిలీ చెట్లకి దూరంగా, శుభ్రంగా ఊడ్చిన చోట పెట్టి, బంకమట్టితో మేమే పుట్ట చేస్తాం, నిజం పుట్టలో చెయ్యి పెట్టకూడదని అక్కడే చెప్తాం. అందరికీ బూట్లుండాలి, చెప్పులు కాదు. ఎప్పుడన్నా పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం చెయ్యకుండా, కదలనీయకుండా పెట్టి 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకుపోవాలి.

అపోహ: పిల్లల పుస్తకం జిరాక్స్ తీసి అతికిస్తే ఎవరేమంటారు?

అది రాసినవాళ్లది, బొమ్మలేసినవాళ్లది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని మాంట్‌పీలియర్‌లో ఆన్ ఫెర్గూసన్ 2007లో స్టోరీవాక్ అని ఇలాంటి కథానడకే మొదలుపెట్టినప్పుడు పుస్తకాలు కొని, పేజీలు విడదీసి బాట పొడుగునా నిలబెట్టారు, పేజీకి రెండువైపులా బొమ్మలుంటాయి కాబట్టి రెండు కాపీలు కొనాల్సిందే. మన దేశంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. జానపద కథ అందరిదీ, బొమ్మలు మీ ఊళ్లో గీసే అమ్మాయితో గీయించుకోండి, ఆమెకి డబ్బులివ్వండి.

అపోహ: ఎండాకాలం సెలవులే మంచి టైము.

మన దగ్గర మే నెల ఎండకి పెద్దోళ్లమే తట్టుకోలేం. అసలు వానలు మనకి అక్టోబర్, నవంబర్లో పడతాయి, సంక్రాంతి దాటినాక ఫిబ్రవరి చివరి దాకా బాగుంటుంది, పొద్దున ఏడుకి మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించండి.

అపోహ: నాయనమ్మలు కార్లో కూర్చుంటే చాలు.

అవ్వ మజిలీలో నేను బోర్డే పెట్టను, వచ్చినవాళ్లలో ఎవరో ఒక నాయనమ్మని కుర్చీ వేసి కూర్చోబెడతాను. పాలేరుకి బువ్వ ఎందుకు పెట్టలేదవ్వా అని పదిమంది పిలకాయలు ఒక్కసారే అడుగుతారు. కొందరు వాళ్ల ఊళ్లో చెప్పుకునే తీరులో చెప్తారు, కొందరు ముందు పాలేరుకి బువ్వ పెట్టొస్తా ఉండండ్రా అని లేస్తారు.