ఫోనుకు చిక్కే పాలపుంత

శివరాత్రికి ఎలాగూ జాగారం చేస్తారు కదా. ఈసారి పాలపుంతను ఫొటో తీయడానికి తెల్లవారుజామున నాలుగింటికి ఫోను పట్టుకుని కళింగపట్నం బీచికో, బారువకో వెళ్లండి. ఆ రాత్రి బహుళ చతుర్దశి, చంద్రుడు తెల్లారడానికి కాస్త ముందుగానీ రాడు. శ్రీకాకుళం తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా సాగుతుంది కాబట్టి ఒడ్డున నిలబడితే సముద్రం ఆగ్నేయంగా ఉంటుంది. వృశ్చికం, ధనుస్సు రాశుల మధ్య పాలపుంత బాగా చిక్కగా కనిపించే భాగం ఆ వేళకు సరిగ్గా ఆ దిక్కునే పైకి లేస్తుంది. అటు ఊళ్లు లేవు, వీధిదీపాలు లేవు. దూరాన ఒకటో రెండో వేట పడవల దీపాలు ఉంటే ఉండొచ్చు. లైట్‌హౌస్ మాత్రం వెనక్కి ఉండేలా చూసుకోండి.

ఫోను కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే చాలు. చుక్కల వెలుగు మరీ మసక కనుక షట్టరు చాలాసేపు తెరిచి ఉంచాలి. కానీ భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, మరీ ఎక్కువసేపు తెరిస్తే చుక్క గీతగా సాగుతుంది. 500ను లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు ఎంత వెడల్పు దృశ్యం పడుతుందో చెప్పే మిల్లీమీటర్ల కొలత) భాగిస్తే ఎన్ని సెకన్లు తెరవొచ్చో తెలుస్తుంది. ఫోను మెయిన్ కెమెరాను పెద్ద (ఫుల్‌ఫ్రేమ్) కెమెరా లెక్కలో సుమారు 25 మిల్లీమీటర్ల లెన్సుకు సమానం అనుకుంటే 20 సెకన్లు. ఈ లెక్క కాస్త ఉదారమైంది, నన్నడిగితే 15 దగ్గరే ఆగమంటాను. ఐఎస్‌వో (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 1600 నుంచి 3200 దాకా, ఫోకస్ మాన్యువల్‌లో అనంతానికి (అన్నిటికన్నా దూరానికి), ఫైలు రా ఫార్మాట్‌లో (కెమెరా పట్టింది పట్టినట్టు దాచేది) పెట్టండి. ట్రైపాడ్ లేకపోతే ఒడ్డున బోర్లించిన తెప్పకు ఆనించండి. వేలు తగిలినా ఫోను అదురుతుంది, అందుకే టైమర్ పెట్టాలి.

తీసిన ఫొటో గరుకుగా కనిపిస్తుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆ గరుకు ఫొటోఫొటోకీ చోటు మారుతుంది, చుక్క వెలుగు మారదు. వరసగా 16 ఫొటోలు తీసి, చుక్కలు ఒకదానిమీదొకటి కూర్చునేలా కలిపి సగటు తీస్తే గరుకు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఎందుకంటే అది ఫొటోల సంఖ్యకు వర్గమూలం చొప్పున తగ్గుతుంది. సీక్వేటర్, డీప్‌స్కైస్టాకర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్లో ఈ పని చేసిపెడతాయి.

మధ్యలో ఫొటోలు మసకబారితే ఫోకస్ జోలికి పోకండి. ముందు లెన్సు చూడండి, సముద్రపు తేమ పట్టి ఉంటుంది. మెత్తటి నూలుగుడ్డతో అద్దితే సరి.

శివరాత్రికి కుదరకపోతే ఉగాది ముందురోజు అమావాస్య ఉంది. వైశాఖ అమావాస్య నాటికైతే నిద్ర కాచుకోనక్కర్లేదు, రాత్రి తొమ్మిది దాటేసరికే పాలపుంత పైకి వచ్చి ఉంటుంది. ఆ తర్వాత వానమబ్బులు.