ఎస్‌ఎస్‌డీ పెట్టె మీది అంకెలు: అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్ రిపేరు, డేటా రికవరీ నా వృత్తి. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్స్‌లో డేటా దాచే డ్రైవ్) పెట్టె మీది అంకెలు చాలావరకు అబద్ధాలు కావు. అవి ఏ పరిస్థితిలో నిజమో మాత్రం పెద్దక్షరాల్లో రాయరు. కొనేవాళ్లు నష్టపోయేది అక్కడే.

అపోహ: "530 ఎంబీ స్పీడ్ అంటే ఎంత కాపీ చేసినా అదే స్పీడ్."

వాస్తవం: శాంసంగ్ 870 క్యూవీఓ 1 టీబీనే తీసుకోండి. సెకనుకు 530 ఎంబీ రాస్తుందన్నది నిజమే, మొదటి 42 జీబీ దాకా. ఇది ఒక్కో సెల్‌లో (చిప్‌లో డేటా దాచే చిన్న గది) నాలుగు బిట్లు కుక్కే క్యూఎల్‌సీ రకం. అలా కుక్కడం నిదానం పని. అందుకని కొన్ని సెల్స్‌లో ముందు ఒక్కో బిట్టే గబగబా రాసిపెట్టి, తీరిక దొరికినప్పుడు సర్దుకుంటుంది. ఆ జాగా నిండిందా, వేగం 80 ఎంబీకి పడిపోతుంది. ఈ మాట కంపెనీ డేటాషీట్‌లోనే ఉంది. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు 200 జీబీ ఒకేసారి కాపీ పెడితే మొదటి నిమిషంన్నర పరుగు, తర్వాత అరగంట నడక. వాళ్లకి మంచి హార్డ్ డిస్కే నయం. అదే డ్రైవ్ ఇంట్లో ఫొటోలు దాచుకునేవాళ్లకి ఏ లోటూ చెయ్యదు. అందుకే ధర చెప్పే ముందు "ఒకేసారి ఎంత కాపీ చేస్తారండీ?" అని అడుగుతాను.

అపోహ: "7000 ఎంబీ ఎన్‌వీఎంఈ వేస్తే సాటా ఎస్‌ఎస్‌డీ కంటే పన్నెండు రెట్లు త్వరగా ఆన్ అవుతుంది."

వాస్తవం: సాటా, ఎన్‌వీఎంఈ అంటే ఎస్‌ఎస్‌డీని కంప్యూటర్‌కు కలిపే పద్ధతులు; రెండోది కొత్తది, వేగమైనది. కానీ ఆ 7000 పెద్ద ఫైలును వరసగా చదివితే వచ్చేది. విండోస్ లేచేటప్పుడు చదివేవి ఎక్కువగా చిన్న చిన్న ముక్కలు. 4 కేబీ ముక్కల్ని ఒక్కొక్కటిగా చదివిస్తే చాలా ఎన్‌వీఎంఈలు సెకనుకు 100 ఎంబీ కూడా దాటవు. అందుకే ఆన్ అవడంలో పన్నెండు రెట్ల తేడా కనపడదు.

అపోహ: "కొత్త టెక్నాలజీ వస్తోంది, వెయ్యి రెట్లు వేగమట!"

వాస్తవం: ఇంటెల్, మైక్రాన్ 2015 జులైలో 3డీ ఎక్స్‌పాయింట్ అనే కొత్త రకం మెమరీ గురించి సరిగ్గా ఇదే చెప్పాయి. 2017లో దానితో చేసిన ఆప్టేన్ డ్రైవ్‌లు బజారుకొచ్చాక చూస్తే, స్పందించే సమయంలో మామూలు ఎస్‌ఎస్‌డీ కంటే సుమారు పది రెట్లు మెరుగు. వెయ్యి రెట్లన్నది సెల్ సంగతి. మధ్యలో కంట్రోలర్ (డ్రైవ్‌ను నడిపే చిప్), కేబుల్, ఆపరేటింగ్ సిస్టమ్ తినే సమయం ఎక్కడికీ పోదు. పది రెట్లంటే గొప్ప ఇంజినీరింగే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ధర దిగలేదు. 2021లో మైక్రాన్, 2022లో ఇంటెల్ దాన్ని వదిలేశాయి.

పెట్టె మీద కనిపించే ఇంకో అంకె ఎంటీబీఎఫ్, అంటే సగటున ఎన్ని గంటలకు ఒక డ్రైవ్ చెడిపోతుందన్న లెక్క. "ఎంటీబీఎఫ్ 15 లక్షల గంటలు" అంటే 171 ఏళ్ల ఆయుష్షు కాదు. వెయ్యి డ్రైవ్‌లు ఏడాది పొడవునా నడిస్తే సుమారు ఆరు పోతాయని లెక్క. ఆ ఆరింట్లో మీది ఉండొచ్చు. పైగా ఎస్‌ఎస్‌డీలో ఫైలు డిలీట్ చేస్తే, ట్రిమ్ (డిలీట్ చేసిన ఫైళ్ల జాగాను డ్రైవ్ ఖాళీ చేసుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉన్నంతవరకు అది సాధారణంగా తిరిగి రాదు. హార్డ్ డిస్కు నుంచి తీసినట్టు తీసిపెట్టమంటే నా చేతిలో ఏమీ ఉండదు. పిల్లల ఫొటోలు ఇంకో డ్రైవ్‌లో కూడా ఉంచండి, ఈ రోజే.