డీలర్ అంకె తప్పు కొడితే నష్టం ఎవరిది?

2012 అక్టోబర్ 5 ఉదయం పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ ఉన్నట్టుండి 900 పాయింట్లకు పైగా పడిపోయింది. ముంబైలోని ఎంకే గ్లోబల్ అనే బ్రోకింగ్ సంస్థలో ఒక డీలర్, పెద్ద క్లయింట్ తరఫున అమ్మకం ఆర్డర్ కొడుతూ అంకె తప్పు వేశాడు. మొత్తం 59 తప్పు ఆర్డర్లు, వాటి విలువ 650 కోట్ల రూపాయల పైచిలుకు. పావుగంట పాటు ట్రేడింగ్ ఆగిపోయింది. ఆ ట్రేడ్లను రద్దు చేయమని సంస్థ అడిగినా ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) ఒప్పుకోలేదు. దాదాపు 51 కోట్ల నష్టం బ్రోకరే భరించాల్సి వచ్చింది.

తప్పు ఎవరిదన్న దానిపై అక్కడ వాదన లేదు. మామూలు మదుపరి విషయానికి వచ్చేసరికి గొడవంతా అక్కడే మొదలవుతుంది. వంద షేర్లు కొనమంటే వెయ్యి కొన్నారని, అమ్మమని తాను చెప్పనే లేదని క్లయింట్ అంటాడు. మీరు చెప్పిందే చేశామని బ్రోకర్ అంటాడు.

చట్టం మాత్రం మొదటి నుంచీ స్పష్టంగానే ఉంది. క్లయింట్ తరఫున పనిచేసే బ్రోకర్ చట్టం దృష్టిలో ఏజెంటు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 211వ సెక్షన్ ప్రకారం, అప్పగించినవారు చెప్పినదానికి భిన్నంగా ఏజెంటు వ్యవహరించి నష్టం వస్తే దాన్ని అతనే పూడ్చాలి. అలా చేసినందువల్ల లాభం వస్తే ఆ లాభానికీ లెక్క చెప్పాలి. ఇంతకంటే న్యాయమైన సూత్రం ఏముంటుంది? అయితే ఏం చెప్పారో, ఎవరు చెప్పారో తేల్చే దారి లేనప్పుడు ఆ సూత్రం పుస్తకంలోనే మిగిలిపోతుంది.

ఎక్స్ఛేంజ్ హాలులోని రింగులో కేకలు వేసి షేర్లు కొని అమ్మిన రోజుల్లో జరిగింది అదే. సౌదా పుస్తకంలో, అంటే లావాదేవీల చిట్టాలో, బ్రోకర్ మనిషి రాసుకున్నదే రికార్డు. ఆరోజు ఏ సమయానికి ఏ ధరకు కొన్నారో క్లయింట్‌కు తెలుసుకునే వీలు ఉండేది కాదు. 1943లో మొదలై, 1958లో కేంద్రం గుర్తింపు పొంది, 2007లో ఆ గుర్తింపు పోగొట్టుకున్న హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కూడా ఎక్కువ కాలం ఆ పాత పద్ధతుల్లోనే నడిచింది. తగాదా వస్తే ఎక్స్ఛేంజ్‌లోనే మధ్యవర్తిత్వం. చాలాకాలం ఆ మధ్యవర్తులు కూడా బ్రోకర్లే. క్లయింట్‌కు న్యాయం జరిగే అవకాశం ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు.

బ్రోకర్ హర్షద్ మెహతా షేర్ల కుంభకోణం బయటపడిన 1992లోనే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి చట్టబద్ధమైన అధికారాలు వచ్చాయి. ఆ ఏడాదే వచ్చిన స్టాక్ బ్రోకర్ల నిబంధనలు నైపుణ్యంతో, జాగ్రత్తతో, శ్రద్ధతో పనిచేయాలని బ్రోకర్లను ఆదేశించాయి. 1994లో ఎన్‌ఎస్‌ఈ తెర మీద ట్రేడింగ్ మొదలుపెట్టాక ప్రతి ఆర్డర్‌కూ ఒక నంబరు, ఒక సమయం వచ్చాయి. ట్రేడ్ వివరాలతో బ్రోకర్ క్లయింట్‌కు పంపే కాంట్రాక్ట్ నోట్‌లో అవి కనిపించేవి. ధర విషయంలో మోసం కష్టమైంది. అయినా ఆర్డర్ నిజంగా ఎవరిచ్చారన్నది తేలలేదు, ఎందుకంటే ఆర్డర్లు ఫోన్‌లోనే వెళ్లేవి.

నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు 2018 మార్చి 22న సెబీ ఇచ్చిన సర్క్యులర్. క్లయింట్ ఆర్డర్ ఇచ్చినట్టు ఆధారం ఉంటేనే బ్రోకర్ ట్రేడ్ చేయాలని అది చెప్పింది. సంతకం చేసిన కాగితం, ఫోన్ రికార్డింగ్, ఈమెయిల్, ఎస్ఎంఎస్, ఇంటర్నెట్ లాగ్, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. వివాదం వస్తే రుజువు చూపాల్సిన భారం బ్రోకర్‌దే. అంతకుముందు తాను చెప్పలేదని క్లయింటే నిరూపించుకోవాల్సి వచ్చేది. చెప్పని మాటకు ఎవరైనా సాక్ష్యం ఎక్కడి నుంచి తెస్తారు?

అయినా ఒక చిక్కు మిగిలింది. కాంట్రాక్ట్ నోట్లు, ఎస్ఎంఎస్‌లు వస్తున్నా క్లయింట్ నెలల తరబడి అభ్యంతరం చెప్పకపోతే, అంగీకారం ఉన్నట్టే కదా అని బ్రోకర్లు వాదిస్తారు, మధ్యవర్తులూ ఆ మౌనాన్ని లెక్కలోకి తీసుకుంటారు. మన చిన్న ఊళ్లలో ఇది పెద్ద సమస్య. తెలిసినవాడే కదా అని పాస్‌వర్డ్ కూడా చేతిలో పెట్టేసి, మెయిల్ చూడనివాళ్లు ఎంతమందో. 2019 మార్చి తర్వాత బ్రోకర్ తరఫున ఊళ్లలో క్లయింట్లను చూసుకునే సబ్-బ్రోకర్ అనే హోదా పోయి, అదే పనికి ఆథరైజ్డ్ పర్సన్లు మిగిలారు. వాళ్లు చేసిన పనులకు బ్రోకర్ బాధ్యత వహించాలన్నది నియమం. అయితే ఖాతా అతనికి మీరే అప్పగించారన్న మాట వస్తే వాదన బలహీనపడుతుంది.

2019 నవంబర్ 22న హైదరాబాద్ కేంద్రంగా ఉన్న కార్వీ స్టాక్ బ్రోకింగ్‌పై సెబీ ఇచ్చిన ఉత్తర్వు మరో సంగతి. అది పొరపాటు కాదు. క్లయింట్లు తమ ఖాతా నడిపేందుకు రాసిచ్చిన అధికార పత్రాన్ని (పవర్ ఆఫ్ అటార్నీ) అడ్డుపెట్టుకుని వాళ్ల షేర్లను తాకట్టు పెట్టడం అది. ఆ దెబ్బకే, మార్జిన్ (ట్రేడింగ్‌కు హామీ) కోసం ఇచ్చిన షేర్లు క్లయింట్ డీమ్యాట్ ఖాతాలోనే ఉంటూ తాకట్టయ్యే పద్ధతి 2020 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. ఈ కథలో అది పక్కదారే గానీ, తెలుగు మదుపరులకు బ్రోకర్ బాధ్యత అంటే గుర్తొచ్చేది మాత్రం అదే.

ఇప్పుడు తేలని వివాదాలు యాప్‌ల దగ్గర ఉన్నాయి. 2021 ఫిబ్రవరి 24న సాంకేతిక లోపంతో ఎన్‌ఎస్‌ఈ ఉదయం 11:40కి ఆగి మధ్యాహ్నం 3:45కి తెరుచుకుంది. ఈలోగా చాలామంది బ్రోకర్లు క్లయింట్ల ఇంట్రాడే పొజిషన్లను (అదే రోజు ముగించాల్సిన ట్రేడ్లను) మరో ఎక్స్ఛేంజ్ బీఎస్‌ఈలో స్క్వేర్ ఆఫ్ చేసేశారు, అంటే ఎదురు ట్రేడ్‌తో ముగించేశారు. తర్వాత మార్కెట్ సమయాన్ని 5 గంటల దాకా పొడిగించేసరికి నష్టపోయినవాళ్లు లబోదిబోమన్నారు.

2022 నవంబర్‌లో సెబీ బ్రోకర్ల సాంకేతిక లోపాలపై నిబంధనలు తెచ్చింది. లోపం వచ్చిన గంటలోపు ఎక్స్ఛేంజ్‌కు చెప్పాలని, లేకపోతే జరిమానా అని అప్పుడు పెట్టింది. కానీ జరిమానా వేసినంత మాత్రాన క్లయింట్ నష్టం పూడదు. యాప్ ఆగిన ఆ పది నిమిషాల్లో అమ్మి ఉండేవాణ్ణి అని అతను ఫిర్యాదు చేయవచ్చు. ముందు బ్రోకర్‌కు, తర్వాత సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో, ఆపైన ఆన్‌లైన్‌లో వివాదాలు పరిష్కరించేందుకు 2023లో వచ్చిన స్మార్ట్ ఓడీఆర్ పోర్టల్‌లో. అక్కడ బ్రోకర్ తరఫున ఎదురయ్యేది ఆ 1872 చట్టంలోనిదే ఇంకో సెక్షన్, 212. ఏజెంటు నిర్లక్ష్యం వల్ల నేరుగా కలిగిన నష్టానికే పరిహారం, పరోక్ష నష్టానికి లేదని అది చెబుతుంది. కొట్టలేకపోయిన ఆర్డర్ వల్ల వచ్చినది ఏ రకం నష్టమో ఒక్కో కేసులో ఒక్కో మధ్యవర్తి తేల్చాల్సి వస్తోంది. దీనికి సెబీ స్పష్టమైన పరిహారం లెక్క ఒకటి రాసిపెట్టాలి.